లీడో నుండి కున్మింగ్ దాకా: 113 బండ్లు, 24 రోజులు, ఒక ఊరు

1945 ఫిబ్రవరి 4, ఆదివారం. చైనా నైరుతి మూలన యున్నాన్ రాష్ట్రానికి రాజధాని అయిన కున్మింగ్ ఊళ్ళోకి దుమ్ము కొట్టుకుపోయిన ట్రక్కుల వరుస ఒకటి వచ్చి చేరింది. వీధుల్లో జనం కిక్కిరిసి ఉన్నారు, టపాకాయలు పేలుతున్నాయి. ఆ బండ్లు జనవరి 12న మన అస్సాంలోని లీడో నుండి బయలుదేరాయి. నడుమ ఉన్న దూరం 1,079 మైళ్ళు, అంటే 1,736 కిలోమీటర్లు. సరిగ్గా అదే రోజు యాల్టాలో రూజ్వెల్ట్, చర్చిల్, స్టాలిన్ కూర్చుని యుద్ధం తర్వాతి ప్రపంచం ఎట్లా ఉండాలో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. చరిత్ర పుస్తకాల్లో ఆ రోజుకి యాల్టాయే దక్కింది. కున్మింగ్ చేరిన ట్రక్కులకు మహా అయితే ఒక పంక్తి.

ఇదివరకు ఇక్కడ మేము రాసినవన్నీ మనవాళ్ళు కర్ణాటకకు, తమిళనాడుకు, ఒడిశాకు వచ్చిన దారుల గురించే. ఈసారి కొంచెం దూరం పోతున్నాం. ఏమంటే, ఈ ట్రక్కుల కథకు మనతో ముడి ఉంది. ఒక ముడి రంగూన్ రేవులో ఉంది, ఒకటి బెంగళూరులోనే ఉంది, ఒకటి అస్సాం అడవుల్లో ఉంది. మేము చదివింది కన్నడ మీడియం. సమాజ విజ్ఞానం పాఠంలో రెండో ప్రపంచ యుద్ధం అంటే హిట్లర్, పెర్ల్ హార్బర్, హిరోషిమా. బర్మా పేరు సుభాష్ చంద్ర బోస్ పాఠంలో ఒకసారి వచ్చి పోయేది. ఇంట్లో మాత్రం పెద్దవాళ్ళ నోట “రంగూన్” అన్న మాట తరచుగా వినపడేది. ఎవరి ఇంట్లోనో రంగూన్ టేకు బీరువా, ఎవరి తాతో రంగూన్ పోయి తిరిగిరాలేదన్న మాట. ఈ రెండింటినీ కలిపే దారి ఏదో వెతుకుతుంటే ఈ లీడో దారి దొరికింది.

దారి ఎందుకు కావలసి వచ్చింది

1937లో జపాన్ చైనా మీద పూర్తి స్థాయి యుద్ధానికి దిగింది. ఏడాదిన్నర తిరక్కుండానే చైనా తూర్పు తీరంలోని పెద్ద రేవులన్నీ పోయాయి. చియాంగ్ కై షెక్ ప్రభుత్వం లోపలికి జరిగి జరిగి కొండల నడుమ ఉన్న చుంగ్‌చింగ్ చేరింది. రేవులు లేని దేశానికి ఆయుధాలు, పెట్రోలు, మందులు ఎట్లా చేరాలి? వెనక తలుపు ఒకటే మిగిలింది, అదే కున్మింగ్. అక్కడికి వియత్నాం వైపు నుండి ఫ్రెంచివాళ్ళు 1910లో పూర్తి చేసిన మీటరు గేజి రైలు ఉండేది. అది చాలదని, రేపు తెగిపోవచ్చని, బర్మా వైపు ఒక రోడ్డు వేశారు.

కున్మింగ్ నుండి బర్మాలోని లాషియో వరకు 1,154 కిలోమీటర్లు. సుమారు 2 లక్షల మంది కూలీలు, ఎక్కువగా ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు, చేతులతో రాళ్ళు పగలగొట్టి 1938కల్లా ఆ రోడ్డు వేశారు. వయసులో ఉన్న మగవాళ్ళు సైన్యంలో ఉన్నారు. రోడ్డు రోలర్లు కూడా రాతివే, మనుషులే లాగారు. దాన్నే బర్మా రోడ్డు అన్నారు.

సరుకు ఓడల్లో రంగూన్ వచ్చేది. అక్కడ నుండి రైల్లో లాషియో, లాషియో నుండి ట్రక్కుల్లో కున్మింగ్. ఈ గొలుసులో మొదటి కొస మనది. రంగూన్ రేవులో ఓడల నుండి మూటలు దించే పని ఎన్నో ఏళ్ళు ఎక్కువగా తెలుగువాళ్ళ చేతుల్లో ఉండేది. బర్మాలో వాళ్ళను కోరంగీలు అనేవారు. యానానికి, కాకినాడకు పక్కనే ఉన్న పాత రేవు కోరంగి పేరే అది. ఒక చిన్న రేవు పేరు సముద్రం దాటి ఒక జాతి పేరు అయిపోయింది. 1930 మే నెలలో ఈ తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, వాళ్ళ చోట బర్మా వాళ్ళను పెట్టారు. సమ్మె తేలాక కొత్తవాళ్ళను తీసేశారు. ఆ రగడ ముదిరి రంగూన్‌లో పెద్ద అల్లర్లు అయ్యాయి, చాలామంది తెలుగువాళ్ళు చచ్చిపోయారు. అప్పటికి రంగూన్ జనాభా 4 లక్షలు, అందులో సగానికి పైగా భారతీయులే.

గొలుసు రెండో కొసలో, అంటే బర్మా రోడ్డు మీద ట్రక్కులు నడిపినవాళ్ళలో కూడా పరాయి ఊళ్ళలో స్థిరపడినవాళ్ళున్నారు. వీళ్ళ గురించి మన వైపు ఎవరూ చెప్పరు. మలయా, సింగపూర్ మొదలైన చోట్ల తరాలుగా ఉన్న చైనా కుటుంబాల నుండి 1939లో 3,000 మందికి పైగా డ్రైవర్లు, మెకానిక్కులు తమంతట తాము కున్మింగ్ పోయారు. సింగపూర్ వ్యాపారి తాన్ కా కీ పిలుపు ఇస్తే కదిలారు. వాళ్ళలో చాలామంది చైనా నేలను మొదటిసారి చూసింది అప్పుడే. మలేరియా, లోయలు, బాంబులు కలిసి మూడో వంతు మందిని పొట్టన పెట్టుకున్నాయి. ఇంకో మూడో వంతు యుద్ధం అయ్యాక తిరిగిపోయారు, మిగిలినవాళ్ళు అక్కడే ఉండిపోయారు. తాతల ఊరు కోసం పోయినవాడు మళ్ళీ అక్కడ పరాయివాడుగా బతకడం ఎట్లా ఉంటుందో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ట్రక్కుల కన్నా ముందు నడిచినవాళ్ళు

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న ఊరు పోయింది. ఏప్రిల్ చివరికి లాషియో పోయింది, అంటే బర్మా రోడ్డు తెగింది. మే 5న చైనా సైన్యం సాల్వీన్ నది మీది వంతెనను తనే పేల్చేసి జపాన్‌ను అక్కడ ఆపింది.

ఆ అయిదు నెలల్లో బర్మాలోని భారతీయులు లక్షల్లో ఇంటి దారి పట్టారు. ఓడ టికెట్టు దొరికినవాళ్ళు మద్రాసుకో, విశాఖకో, కలకత్తాకో చేరారు. మిగిలినవాళ్ళు నడిచారు. 4 లక్షల మందికి పైగా భూమార్గంలో వచ్చారని చరిత్రకారుల లెక్క. దారులు మూడు. ప్రోమ్ నుండి తౌంగప్ మీదుగా అరకాన్ తీరానికి ఒకటి. తమూ మీదుగా ఇంఫాల్, దీమాపూర్‌లకు రెండోది. మూడోది అన్నిటికన్నా కష్టమైనది: మిచీనా పైనుంచి హుకాంగ్ లోయలో పడి, పాంగ్‌సావ్ కనుమ ఎక్కి, అస్సాంలోని లీడోకు.

హుకాంగ్‌ను చావు లోయ అని చెప్పేవారు. 1942 మే 8న మిచీనా కూడా పోయేసరికి విమానాల ఆశ పెట్టుకున్నవాళ్ళు కూడా ఈ లోయలోకే రావలసి వచ్చింది. సరిగ్గా అప్పుడే వానలు మొదలయ్యాయి. మోకాలిలోతు బురద, జలగలు, మలేరియా, విరోచనాలు, తిండి లేదు. షింగ్‌బ్వియాంగ్ అనే చోట వాగులు పొంగి వేలమంది వానాకాలం అంతా ఇరుక్కుపోయారు. అస్సాం వైపు నుండి టీ తోటల సంఘంవాళ్ళు తమ కూలీలను పెట్టి దారిలో మజిలీలు కట్టి, గంజి కాచి పోశారు. ఆ టీ తోటల కూలీల్లోనూ తెలుగు మూలాలవాళ్ళు ఉన్నారు. అస్సాం తోటల్లో ఇప్పటికీ తెలంగా అనే పేరుతో వాళ్ళను పిలుస్తారు. అంటే బర్మా నుండి పడుతూ లేస్తూ వచ్చిన తెలుగువాడికి, రెండు తరాల ముందు అస్సాం పోయిన తెలుగువాడు గంజి అందించి ఉండవచ్చు. ఇద్దరూ ఒకరి మాట ఒకరికి అర్థమై ఆశ్చర్యపోయి ఉంటారు కూడా.

ఈ మూడో దారి మీదే తర్వాత ట్రక్కుల రోడ్డు వేశారు. 1942 చివర పని మొదలుపెట్టిన ఇంజనీర్లకు అడవిలో దారి వెంట ఆ నడిచినవాళ్ళ ఎముకలు కనిపించాయి. గుడిసెల్లో కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉండిపోయిన చోట్లు కూడా ఉన్నాయి.

కొండ మీద రోడ్డు

1942 డిసెంబరులో లీడో దగ్గర పని మొదలైంది. పట్టు పట్టినవాడు అమెరికా జనరల్ జోసెఫ్ స్టిల్‌వెల్. ఈ రోడ్డు పూర్తయ్యేసరికి దాని అవసరమే తీరిపోతుందని చర్చిల్ అభిప్రాయం. ఈ వాదం ఎవరిది గెలిచిందో చివర్న చూద్దాం.

మొదటి 103 మైళ్ళు, లీడో నుండి షింగ్‌బ్వియాంగ్ వరకు, పట్‌కాయ్ కొండల్లో. పాంగ్‌సావ్ కనుమ ఎత్తు 3,727 అడుగులే, కానీ ఏటవాలు, వాన, జారే మట్టి. బుల్డోజర్లు రోడ్డుతో సహా లోయలో పడిపోయేవి. మొదటి ఏడు చాలా మెల్లగా సాగింది. 1943 అక్టోబరులో లూయిస్ పిక్ అనే ఇంజనీరు బాధ్యత తీసుకున్నాక రాత్రింబగళ్ళు పని పెట్టించాడు. 1943 డిసెంబరు 27న రోడ్డు షింగ్‌బ్వియాంగ్ చేరింది. అటు తర్వాత పని యుద్ధం వెనకాలే నడిచింది. జపాన్‌వాళ్ళను తరిమిన నేల మీద మర్నాడే సర్వేవాళ్ళు గుంజలు పాతేవాళ్ళు. 1944 ఆగస్టు 3న మిచీనా, డిసెంబరులో భామో చేతికి వచ్చాయి.

పని చేసింది ఎవరు? సుమారు 15,000 మంది అమెరికా సైనికులు, వాళ్ళలో దాదాపు 60 శాతం నల్లజాతివాళ్ళు. అమెరికా సైన్యంలో అప్పటికి తెల్లవాళ్ళకూ నల్లవాళ్ళకూ వేరు వేరు దళాలు. నల్లవాళ్ళకు తుపాకి కన్నా పార ఎక్కువ ఇచ్చేవారు. వాళ్ళతో పాటు సుమారు 35,000 మంది స్థానిక కూలీలు: భారతీయులు, బర్మావాళ్ళు, కచిన్లు, నాగాలు, ఇంకా చైనా దళాలు. 1,100 మందికి పైగా అమెరికన్లు చనిపోయారు. మైలుకో మనిషి అని సైనికులు చెప్పుకునేవారు. కూలీలు ఈ లెక్కలోకి రారు.

24 రోజులు

మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ముక్క ముక్కగా అన్నీ సరిగా నడిచినా, మొదటి కొస నుండి చివరి కొస దాకా ఒకసారి నడిపి చూస్తే గానీ వ్యవస్థ పనిచేస్తున్నదని సంతకం పెట్టం. 1945 జనవరి 12న లీడోలో కదిలిన 113 బండ్లు అట్లాంటి పరీక్షే. ముందు జనరల్ పిక్, వెనక రెండున్నర టన్నుల ఆరు చక్రాల ట్రక్కులు, జీపులు, అంబులెన్సులు. చాలా ట్రక్కులు వెనక ఫిరంగులు కూడా లాగుతున్నాయి. స్టీరింగు పట్టినవాళ్ళు అమెరికా నల్లజాతివాళ్ళు, తెల్లవాళ్ళు, చైనావాళ్ళు. చూసి రాయడానికి విలేఖరులు, ఫొటోగ్రాఫర్లు.

మిచీనా వరకు బాగానే పోయారు. అక్కడ ఆగిపోవలసి వచ్చింది. ముందర నామ్‌ఖామ్, వాన్‌టింగ్ దగ్గర ఇంకా కాల్పులు జరుగుతున్నాయి. రోడ్డు తెరవకముందే పండగ చేయడానికి బయలుదేరారన్నమాట. జనవరి 23న మళ్ళీ కదిలారు. మోంగ్‌యూ దగ్గర కొత్త రోడ్డు పాత బర్మా రోడ్డులో కలుస్తుంది, లీడో నుండి అక్కడికి 465 మైళ్ళు. జనవరి 28న సరిహద్దు ఊరు వాన్‌టింగ్‌లో వేడుక చేశారు. ఆ సందర్భంలోనే చియాంగ్ కై షెక్ ఈ దారికి స్టిల్‌వెల్ రోడ్డు అని పేరు పెట్టాడు. తమాషా ఏమిటంటే, స్టిల్‌వెల్‌ను మూడు నెలల ముందు, 1944 అక్టోబరులో, చైనా నుండి వెనక్కి పిలిపించింది ఈ చియాంగ్ పట్టుదలే.

ఆ తర్వాత చైనా భాగం. లుంగ్‌లింగ్, సాల్వీన్ లోయలోకి దిగి మళ్ళీ ఎక్కడం, బావ్‌షాన్, మెకాంగ్ నది, డాలీ దగ్గరి శియాగ్వాన్, ఛూశియాంగ్. ఒక్కో నదికీ వేల అడుగులు దిగాలి, మళ్ళీ అంత ఎక్కాలి. మన చార్మాడి, శిరాడి ఘాట్లలో లారీ వెనక బస్సులో కూర్చున్నవాళ్ళకు ఆ బ్రేకు వాసన తెలుసు. దాన్ని వారం పాటు ఊహించుకోండి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అట్టహాసంగా చేరిన మొదటి వరుస ఇదే గానీ, మొదట చేరిన బండ్లు ఇవి కావు. రెండు ట్రక్కులు, చెడిన బండ్లను లాగే పెద్ద రెక్కర్ ఒకటి, మిచీనా నుండి తెంగ్‌చుంగ్ మీదుగా వేరే కొండదారి పట్టి, 16 రోజులు కిందా మీదా పడి జనవరి 20నే కున్మింగ్ చేరాయి. వాటికి టపాకాయలు పేల్చలేదు.

వాట్సాప్‌లో స్టిల్‌వెల్ రోడ్డు అని తిరిగే ఒక ఫొటో ఉంది, కొండ మీద పాములా 24 మెలికలు తిరిగిన దారి, దాని మీద ట్రక్కులు. మీకూ వచ్చే ఉంటుంది. అది లీడో దారిలో లేదు, బర్మా రోడ్డు మీదా లేదు. కున్మింగ్ దాటి తూర్పుకు, గుయ్‌చౌ రాష్ట్రంలో చింగ్‌లుంగ్ అనే చోట ఉంది. కున్మింగ్ చేరిన సరుకు చుంగ్‌చింగ్ పోయే దారి అది.

చేరిన ఊరు

కున్మింగ్ ఎత్తు సముద్ర మట్టానికి సుమారు 1,900 మీటర్లు, అంటే మన బెంగళూరుకు రెట్టింపు. ఎండాకాలంలో ఎండ లేదు, చలికాలంలో పెద్ద చలి లేదు. చైనావాళ్ళు దాన్ని వసంత నగరం అంటారు. పాత బెంగళూరు గురించి మన అవ్వలు చెప్పే మాటలన్నీ ఆ ఊరికి సరిపోతాయి. దక్షిణాన తియెన్‌ఛీ అనే పెద్ద చెరువు, దాని పడమట నిట్టనిలువు కొండలు, ఊరి నడుమ పచ్చ సరస్సు, నడి బజారులో బంగారు గుర్రం, పచ్చల కోడి పేర్లతో రెండు తోరణాలు.

హుకాంగ్ బురద నుండి, సాల్వీన్ లోయ నుండి వచ్చిన డ్రైవర్లు దిగింది ఇట్లాంటి ఊళ్ళో. గవర్నరు లుంగ్ యున్ స్వాగతం చెప్పాడు, విందు ఇచ్చాడు. తూర్పున పోగొట్టుకున్న చైనా అంతా ఈ ఊళ్ళోకి వచ్చి కూర్చున్నట్టు ఉండేది. పెకింగ్, శింఘువా, నాన్‌కాయ్ విశ్వవిద్యాలయాలు మూడూ కలిసి 1938 నుండి ఇక్కడ ఒక్కటిగా నడిచాయి. మట్టి గోడలు, రేకుల కప్పులు. వాన పడితే మేష్టారి మాట వినపడదు. ఆ రేకుల కింద చదివిన యాంగ్, లీ అనే ఇద్దరికి 1957లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ట్రక్కులు వచ్చిన ఏడాదే యాంగ్ అమెరికాకు బయలుదేరాడు.

మరో పక్క ధరలు ఆకాశంలో ఉన్నాయి. సంచెడు నోట్లు తీసుకుపోతే గుప్పెడు సరుకు. ప్రొఫెసర్లు బట్టలు, పుస్తకాలు అమ్ముకుని బియ్యం కొనుక్కున్నారు. కవి, ఆచార్యుడు వెన్ యీదువో పిల్లల కోసం రాత్రిళ్ళు ముద్రలు చెక్కి అమ్మేవాడు. 1946 జులైలో అదే ఊరి వీధిలో ఆయన్ని కాల్చి చంపారు. విందు ఇచ్చిన గవర్నరు లుంగ్ యున్‌ను 1945 అక్టోబరులో చియాంగ్ సైన్యమే గద్దె దించింది. టపాకాయల పొగ చెదరగానే ఊరు ఎట్లా ఉందో చూడాలంటే ఈ రెండు సంగతులు చాలు.

నల్లజాతి డ్రైవర్ల సంగతి ఇంకోటి. వాళ్ళు వేసిన రోడ్డు మీదే వాళ్ళు వచ్చారు. కానీ చైనా లోపల వాళ్ళు ఎంత దూరం పోవచ్చో హద్దులు పెట్టారు. పేపర్లలో ఫొటోలు వచ్చాయి, ఊరు చూసే స్వేచ్ఛ మాత్రం అందరికీ ఒకేలా రాలేదు.

లెక్క ఏమైంది, బెంగళూరు ఎక్కడ వచ్చింది

రోడ్డు తెరిచినప్పటి నుండి యుద్ధం ముగిసేదాకా ఆ దారిన చేరిన సరుకు 1,29,000 టన్నులు. ఇది వినడానికి పెద్దదే. కానీ బర్మా రోడ్డు తెగినప్పటి నుండి అస్సాం నుండి హిమాలయాల కొస మీదుగా విమానాలు కున్మింగ్‌కు సరుకు మోస్తూనే ఉన్నాయి. హంప్ అంటారు ఆ దారిని. మొత్తం 6,50,000 టన్నులు అట్లా పోయాయి, వందల విమానాలు కొండల్లో కూలాయి. 1945 జులై ఒక్క నెలలో హంప్ మీద 71,000 టన్నులు పోతే, లీడో రోడ్డు మీద 6,000 టన్నులే. చర్చిల్ అన్నదే జరిగిందని చాలామంది అంటారు. అయితే ట్రక్కులు కూడా సరుకే కదా! 26,000 ట్రక్కులు ఆ దారిన పోయి చైనాలోనే ఉండిపోయాయి. బండి అప్పగించి డ్రైవరు విమానంలో అస్సాం తిరిగొచ్చి ఇంకో బండి ఎక్కేవాడు. రోడ్డు పక్కనే కలకత్తా వైపు నుండి కున్మింగ్ దాకా పెట్రోలు గొట్టాలు కూడా వేశారు.

ఇక మన బెంగళూరు. విలియం పాలీ అనే అమెరికా వ్యాపారికి బర్మా రోడ్డుకు దగ్గరగా, చైనా సరిహద్దులో లోయ్‌వింగ్ అనే చోట విమానాల ఫ్యాక్టరీ ఉండేది. ఈ పాలీ సాయంతోనే వాల్‌చంద్ హీరాచంద్, మైసూరు సంస్థానం అండతో, 1940 డిసెంబరులో బెంగళూరులో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ మొదలుపెట్టాడు. 1942లో జపాన్ వచ్చి లోయ్‌వింగ్ మూతపడింది, బెంగళూరు మిగిలింది. 1943లో ఈ ఫ్యాక్టరీ అమెరికా వైమానిక దళం చేతికి పోయింది. అప్పటి నుండి యుద్ధం అయ్యేదాకా అమెరికా విమానాల మరమ్మతులు ఇక్కడ జరిగాయి, హంప్ మీద తిరిగే రకం సి-47 డకోటాలతో సహా. మన హెచ్ఏఎల్ అదే. కోలారు, చింతామణి, హిందూపురం వైపు నుండి వచ్చిన తెలుగు ఇళ్ళలో హెచ్ఏఎల్ ఉద్యోగం అంటే ఒక తరం బతుకు. మా బంధువుల్లోనూ ఫిట్టర్లు ఉండేవారు. బెంగళూరులో మా వాళ్ళు ఇల్లు కట్టుకోగలిగింది ఆ జీతం మీదే. ఆ గేటు అక్కడ నిలబడడానికి ఒక కారణం కున్మింగ్ దారిలో మూతపడిన ఇంకో గేటు అని తెలిసినప్పుడు, మేము మ్యాపు తీసి రెండు ఊళ్ళనూ చాలాసేపు చూశాం.

ఇప్పుడు ఆ ఊరు

ఇప్పటి కున్మింగ్ జనాభా 2020 లెక్కల ప్రకారం 84 లక్షలు దాటింది. హంప్ విమానాలు దిగిన ఊజియాబా మైదానమే 2012 వరకు ఊరి విమానాశ్రయం. ఆ ఏడాది ఛాంగ్‌ష్వే దగ్గర కొత్తది తెరిచి పాతది మూసేశారు. మన హెచ్ఏఎల్ విమానాశ్రయాన్ని 2008లో పక్కన పెట్టి దేవనహళ్ళి పోయినట్టే. మెట్రో కూడా 2012లోనే వచ్చింది. 2016 చివర షాంఘైకి వేగపు రైలు, 2021 డిసెంబరులో లావోస్ రాజధాని వియన్‌చాన్‌కు 1,000 కిలోమీటర్ల పైచిలుకు రైలు దారి. వెనక తలుపు అనుకున్న ఊరు ఇప్పుడు ముందు వాకిలి.

యుద్ధం నాటి ఊరు చూడాలనుకునేవారికి కొన్ని చోట్లు మిగిలాయి. పచ్చ సరస్సు ఒడ్డున 1909 నాటి సైనిక పాఠశాల ఇప్పుడు మ్యూజియం. యున్నాన్ నార్మల్ యూనివర్సిటీ ఆవరణలో మూడు విశ్వవిద్యాలయాల జ్ఞాపకశిల, పాత రేకుల తరగతి గది ఉన్నాయి. ఉత్తర స్టేషనులో మీటరు గేజి రైళ్ళ మ్యూజియం. బంగారు గుర్రం, పచ్చల కోడి తోరణాలను 1966లో సాంస్కృతిక విప్లవంలో పడగొట్టారు. ఇప్పుడు చూసేవి 1990ల చివర మళ్ళీ కట్టినవి. పడమటి కొండల్లో, మలయా నుండి వచ్చిన ఆ డ్రైవర్లకు 1989లో కట్టిన స్తూపం ఉంది. యుద్ధం అయిన 44 ఏళ్ళకు.

బెంగళూరువాళ్ళకు ఇంకో రెండు సంగతులు బాగా నచ్చుతాయి. దౌనాన్ పూల మార్కెట్టు ఆసియాలోనే పెద్ద పూల సంతల్లో ఒకటి. మన కె.ఆర్. మార్కెట్టు చూసిన కళ్ళకు అది చూడాలనిపిస్తుంది. తిండిలో, కోడి రసంలో వేసుకునే బియ్యపు సేమ్యా ఆ ఊరి ప్రత్యేకం, మన ఒత్తు శావిగెకు దూరపు చుట్టం. యున్నాన్‌లో మేకపాలతో చేసే పన్నీరు కూడా ఉంది. చైనాలో పాల వస్తువులు ఇంత మామూలుగా దొరికే చోట్లు తక్కువ.

దారి సంగతి? 2013లో కోల్‌కతా నుండి కున్మింగ్‌కు నాలుగు దేశాల కార్ల ర్యాలీ ఒకటి జరిగింది. అది బంగ్లాదేశ్, మణిపుర్, మ్యాన్మార్ మీదుగా పోయింది, లీడో మీదుగా కాదు. లీడో దారిలో మన వైపు రోడ్డు అరుణాచల్‌లోని జైరాంపూర్, నంపోంగ్ దాటి పాంగ్‌సావ్ కనుమ వరకు ఉంది. ఆవలి వైపు, హుకాంగ్ లోయలో, చాలా భాగాన్ని అడవి తిరిగి తీసుకుంది. జైరాంపూర్ దగ్గర యుద్ధకాలపు శ్మశానం ఒకటి ఉంది. చైనా సైనికులు, భారతీయులు, కచిన్లు అక్కడ పక్కపక్కనే ఉన్నారు.

ఆ దారికి జనరల్ పేరు ఉంది. ఊరికి చేరిన ట్రక్కుల లెక్క ఉంది, టన్నుల లెక్క ఉంది. 1942లో అదే నేల మీద నడిచిన మనవాళ్ళకు మైలురాయి లేదు, వాళ్ళ పేర్లు ఉండేది మన ఇళ్ళల్లోనే. 1942లో వచ్చినవాళ్ళ పిల్లలు ఇప్పుడు ఎనభై దాటారు. 1962 తర్వాత బర్మా ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసినప్పుడు తిరిగొచ్చినవాళ్ళు, విశాఖలో బర్మా క్యాంపులో దిగినవాళ్ళు, వాళ్ళ పెద్దల మాటలు ఇంకా చెప్పగలరు.

మీ ఇంట్లో అట్లాంటి పెద్దవాళ్ళు ఉంటే ఒక సాయంత్రం కూర్చోపెట్టి అడగండి. ఏ ఊరు నుండి బయలుదేరారు, ఎవరెవరు కలిసి నడిచారు, ఏ నది దాటారు, రైలు ఎక్కడ ఎక్కారు. తమూ, పాలెల్, తౌంగప్, షింగ్‌బ్వియాంగ్, మార్గరీటా, లీడో, ఈ పేర్లు ఒక్కొక్కటి చెప్పి చూడండి. ఊరి పేరు చెవిన పడితే మిగతాది దానంతటదే వస్తుంది. తెలుగు లిపిలోనే రాయనక్కరలేదు. కన్నడలో రాసినా, తమిళంలో రాసినా, ఒడియాలో రాసినా పరవాలేదు. తోవలో ఎవరు చేరారో, ఎవరు చేరలేదో, ఆ పేర్లు మాత్రం తప్పకుండా రాయండి.